పటాలపు కోటు చెప్పు సాక్ష్యము
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



విద్యావ్యాప్తిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన ఈ వేదికపై నేను ఒక పాతబట్టను గూర్చి మాటలాడుటకు మీ అనుజ్ఞ వేడుచున్నాను. ఆ బట్ట పటాలపు కోటు. మన పడమటి నెల్లూరు మెట్టసీమలో సేద్యము వానను నమ్ముకొన్నది. వాన తప్పిన ఏట పొలము విడిచి దండులో చేరిన యువకులు ప్రతి తరములోను ఉన్నారు. వారు తిరిగి వచ్చునపుడు తెచ్చిన కోటు అటకమీది ట్రంకుపెట్టెలో పడియుండును. మనుమలు ఊరు విడిచి నెల్లూరో, బెంగుళూరో, హైదరాబాదో చేరి, పాతయింటిని దింపునాడు ఆ పెట్టె తెఱువబడును.

అంతట ఆ కోటునకు మూడు గతులు కలవు. చేనిలో పక్షులను బెదరించు బొమ్మకు తొడుగుట మొదటిది. ఇత్తడి బొత్తాములను, బిళ్లలను వేఱు చేసి పాతసామానుల వర్తకునకు అమ్ముట రెండవది. శుభ్రముగా ఉదికించి, ఇస్త్రీ చేయించి, అద్దపు బీరువాలో పెట్టి, క్రింద "సుబేదారుగారి కోటు" అని వ్రాయించుట మూడవది. మొదటి రెండును అజ్ఞానమువలన జరుగునవి గనుక క్షమింపవచ్చును. మూడవదియే మిక్కిలి ప్రమాదకరము. ఏలయనగా, అది గౌరవము పేరిట సాక్ష్యమును చెఱుపుట. ఉదికిన చాకిరేవులో సగము చరిత్ర పోవును. పరీక్షింపక వ్రాసిన ఆ ఒక్క పంక్తిలో మిగిలిన సగము పోవును. కోటును మొదట చదువవలెను. పిదపనే దాని కథ చెప్పవలెను. ఇదియే నేను నేడు మనవి చేయదలచిన విషయము.

ఈ పని మనకు ఏల ముఖ్యమో ముందు చెప్పెదను. శ్రీకృష్ణదేవరాయలు 1514వ సంవత్సరమున ఉదయగిరి దుర్గమును జయించి, అందలి బాలకృష్ణ విగ్రహమును తన రాజధానికి గొనిపోయి ప్రతిష్ఠించెను. రాజు విజయమునకు శాసనము లున్నవి. కాని మూడువేల అడుగులకు మించిన ఆ కొండను ప్రాణములకు తెగించి యెక్కిన బంటుల పేర్లు ఏ శాసనమునందును లేవు. రాజులకు రాళ్లు మిగిలినవి. బంట్లకు ఏమియు మిగులలేదు. దగ్గఱి కాలపు సిపాయికి మాత్రము ఒక్కొక్కచోట ఒక కోటు మిగిలినది. అది అతని శాసనము. శాసనమును చదువుటకు ముందు దానిపై సున్నము పూయువానిని మనము ఏమందుము?

తెలుగు సిపాయి చరిత్ర చిన్నది కాదు. ఈస్టిండియా కంపెనీవారు 1756, 1757 సంవత్సరములలో మద్రాసు తీరమునుండి బంగాళమునకు గొనిపోయిన సిపాయిలను చూచి అచటివారు "తెలంగా" లనిరి. తరువాత ఉత్తరదేశమున ఏ జాతి సిపాయికైనను ఆ పేరే వాడుకయయ్యెను. శ్రీరంగపట్టణమున 1799లోను, అస్సాయీ యుద్ధమున 1803లోను, బర్మాయుద్ధములలో 1824 మొదలుకొనియు మద్రాసు సైన్యము పోరాడినది. నెల్లూరు సీమ 1801లో కర్నాటక నవాబునుండి కంపెనీ పాలనలోనికి వచ్చినది.

ఉడుపునకును కులమునకును గల సంబంధమును కూడ మన సభ తలచుకొనదగును. మద్రాసు సైన్యమున 1806వ సంవత్సరమున క్రొత్త తలపాగా నొకదానిని ప్రవేశపెట్టి, దానిపై తోలుతో చేసిన కుచ్చును ధరింపవలెననియు, కవాతులో నొసటి నామము, విభూతి మొదలగు గుఱుతులు పెట్టరాదనియు, గడ్డములు తీయవలెననియు పైయధికారులు ఉత్తరువు చేసిరి. హిందువులకును మహమ్మదీయులకును ఇది సమానముగా అవమానమయ్యెను. ఆ యేటి జూలై 10వ తేదీ తెల్లవారుజామున వేలూరి కోటలో సిపాయిలు తిరుగబడిరి. ఆ తిరుగుబాటు కొన్ని గంటలలోనే రక్తపాతముతో అణపబడినది. తిరుగబడిన పటాలములు రద్దయ్యెను. ఆ ఉత్తరువును మాత్రము ప్రభుత్వమే వెనుకకు తీసికొనవలసి వచ్చెను. కాబట్టి పటాలపు ఉడుపు వట్టి బట్ట కాదు. దానియందు అధికారి ఏమి కోరెనో, సిపాయి దేనికి సమ్మతించెనో రెండును కుట్టబడియుండును.

తరువాతి కాలమున మఱియొక అవమానము వచ్చెను. మద్రాసు సైన్యమునకు 1881 నుండి 1885 వఱకును, పిమ్మట హిందూదేశపు సైన్యమంతటికిని 1893 వఱకును సేనాధిపతిగా నుండిన రాబర్ట్సు దొర, దీర్ఘశాంతివలన దక్షిణాది సిపాయి పస తగ్గిపోయినదని నిశ్చయించెను. కొన్ని కులములు పుట్టుకతోనే యుద్ధయోగ్యములనియు, తక్కినవి కావనియు ఒక సిద్ధాంతము బయలుదేఱెను. దాని ఫలముగా మద్రాసు పటాలములు ఒక్కొక్కటిగా తగ్గింపబడెను. తెలుగువారి చేరిక సన్నగిల్లెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము మిగిలిన కాలిపటాలములను 1922లో మూడవ మద్రాసు రెజిమెంటుగా కూర్చి, 1928 నాటికి దానినిగూడ ఎత్తివేసిరి. మద్రాసు పయొనీర్లను 1933లో రద్దు చేసిరి. మరల రెండవ యుద్ధము ముంచుకొని వచ్చినపుడు మాత్రము ఆ సిద్ధాంతము మూలబడెను. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపానువారి బాంబులు పడెను. మద్రాసు రెజిమెంటు తిరిగి లేపబడెను. మద్రాసు రాజధానినుండి లక్షలకొలది జనులు సైన్యమున చేరిరి. పుట్టుకచేత యోగ్యత యన్నది సత్యమైనచో, పదునైదేండ్లలో ఆ పుట్టుక ఎట్లు మాఱెను? కులమును బట్టి మనుష్యుని పసను కొలుచు ఈ పద్ధతి మన పెద్దల పొట్టకొట్టినది. ఇప్పుడు మనమే ప్రతి పాతకోటును మన కులపు వీరత్వమునకు పతాకముగా నెత్తి చూపినచో, ఆ పద్ధతిని తిరిగి నెత్తిన పెట్టుకొన్నవార మగుదుము.

ఇక చదువు విధానమునకు వత్తము. కోటును బల్లపై తెల్లగుడ్డ పఱచి, దానిమీద వెల్లకిల పెట్టుడు. పగటి వెలుతురు చాలును. చేతులు కడిగి ఆరవిడువుడు.

మొదట గుడ్డను చూడుడు. ఎఱ్ఱని ఉన్నికోటు పాతకాలపుదో, కవాతులకు మాత్రమే వాడినదో అయియుండును. కాలరును, ముంజేతిపట్టీలును వేఱు రంగుగా నున్నచో ఆ రంగు పటాలమును తెలుపు గుఱుతు. ఖాకీ యన్నది పారసీకభాషలో ధూళి యను మాటనుండి వచ్చినది. ఆ రంగును పంజాబు సరిహద్దున 1846లో ఏర్పడిన గైడ్సు దళము మొదట ధరించెను. చెమటకును ఎండకును వెలిసిపోని ఖాకీరంగును 1884లో ఇంగ్లండున కనుగొనిరి. మఱుసటి యేటినుండి హిందూదేశపు సైన్యమున ఖాకీ వ్యాపించెను. ఏటవాలు గీతల నేతగల నూలుగుడ్డను డ్రిల్లు అందురు. అది ఉష్ణదేశపు ఉడుపు. మద్రాసులోని బకింగ్‌హాము, కర్నాటిక్ మిల్లులు ఖాకీ డ్రిల్లునకు పేరు పొందినవి. ఆ మిల్లులు 1996లో మూతపడెను. గరుకైన ఉన్నిసర్జితో నడుముదాక మాత్రమే యుండు పొట్టికోటు 1937 నమూనాది. అట్టిది ఇటలీవంటి చలిదేశమునకు పోయినవారికి ఇచ్చిరి. ముదురాకుపచ్చ గుడ్డ 1943 ప్రాంతమున బర్మా అడవుల కొఱకు వచ్చినది. అంతకుముందు తొందరలో ఖాకీకే పచ్చరంగు వేయించినవియు కలవు. అట్టివానిలో అతుకుల లోపలి మడతను విప్పిచూచిన పాత ఖాకీ కనబడును.

రెండవది, లోపలి ముద్ర. అస్తరుపై గాని, మెడక్రింద గాని, జేబులోపల గాని సిరాముద్ర యుండును. పై మొనగల బాణపు గుఱుతు సర్కారు సొత్తునకు చిహ్నము; దానితో ఆంగ్లమున "ఐ" అను అక్షరమున్నచో అది హిందూదేశపు సైన్యమునకు చేరినది. ప్రక్కన కొలతయు, తయారైన యేడును, కర్మాగారపు పేరును ఉండవచ్చును. సైన్యపు బట్టల కొఱకు షాజహానుపురమున 1914లో కర్మాగారము వెలసినది. ఈ ముద్రలోని సంవత్సరము కోటు పుట్టిన యేడే గాని దానిని ధరించిన యేడు కాదని మఱువకుడు. గిడ్డంగిలో కొన్నేండ్లు నిలిచి పిమ్మట ఇయ్యబడినవి పెక్కులు.

మూడవది, బొత్తాములు. బొత్తామును తిప్పి వెనుకవైపు చూడుడు. చేసినవారి పేరు, ఊరు అచట వ్రాసియుండును. ముందువైపు కిరీట మున్నచో దొరతనపు కాలపుది. "వి.ఆర్.ఐ." అను అక్షరములు విక్టోరియా రాణివి, "ఇ.ఆర్.ఐ." 1901 నుండి 1910 వఱకు ఏలిన ఏడవ ఎడ్వర్డువి, "జి.ఆర్.ఐ." అయిదవ, ఆఱవ జార్జిలవి. గోపురమువలె గుండ్రని శిఖరముగల కిరీటము 1902 తరువాతిది. 1950 జనవరి 26 తరువాత మన సైన్యపు గుఱుతులయందు కిరీటము తొలగి అశోకస్తంభపు సింహములు వచ్చినవి. ఒకే కోటుపై కిరీటమును సింహములును కలిసియున్నచో, ఊడిన బొత్తాము స్థానమున మఱియొకటి కుట్టబడినదని తెలిసికొనవలెను.

నాల్గవది, భుజములు. భుజపట్టీపై రెండో మూడో చిన్న రంధ్రములు కనబడిన, అచట ఇత్తడి అక్షరములు బిగింపబడి యుండెనని గ్రహింపవలెను. ఆ అక్షరములు పెట్టెలో వేఱుగా దొరకునేమో వెదకుడు. వానిలోని సంఖ్య కాలమును తెలుపును. కిచెనర్ సేనాధిపతి 1903లో మద్రాసు పటాలముల సంఖ్యలకు 60 చేర్చెను. ఒకటవ పయొనీర్లు 61వ పయొనీర్లయిరి. 13వ పటాలము 73వ కర్నాటిక్ పటాలమయ్యెను. 23వది 83వ వాలాజాబాదు పటాలమయ్యెను. ఈ పెద్దసంఖ్యలు 1922 వఱకే నిలిచినవి. కనుక "61" అని యున్న భుజాక్షరము 1903కును 1922కును నడిమి కాలపుదని, ఏ పండితుని సహాయమును లేకయే మీరు చెప్పగలరు.

అయిదవది, చేతులు. దండచేతిపై మొన క్రిందికి వంగిన పట్టీ ఒకటియైన లాన్సునాయకు, రెండైన నాయకు, మూడైన హవల్దారు. మోచేతిక్రింద మొన పైకి పెట్టి కుట్టిన పట్టీలు హోదాకు సంబంధించినవి కావు. సత్ప్రవర్తన, సేవాకాలముల వంటివానిని తెలుపునవి. ఇంటివారు వీనినే పెద్దహోదాగా భ్రమించుట కలదు. జమాదారునకును సుబేదారునకును రెండవ యుద్ధకాలమున గుఱుతులు చేతిపై గాక భుజముపై నక్షత్రములుగా నుండెను. పట్టీ ఊడిపోయినను భయము లేదు. పట్టీ క్రింది గుడ్డ ఎండ సోకక ముదురుగా మిగిలి, దాని నీడ చూపును. కుట్టు రంధ్రములును వరుసగా నిలిచియుండును. దండపై గుడ్డబిళ్ల యున్నచో డివిజను గుఱుతు: ఎఱ్ఱగ్రద్ద నాలుగవ డివిజనుది, బాకు పందొమ్మిదవదానిది, నల్లపిల్లి పదునేడవదానిది. మొదటిది ఆఫ్రికా, ఇటలీ రంగములను, తక్కిన రెండును బర్మాను స్మరింపజేయును.

ఆఱవది, ఎడమ రొమ్ము. జేబుపైన దారపు ఉచ్చులు గాని, అడ్డముగా కుట్టిన రంధ్రములు గాని పతకపు పట్టీలకు స్థానములు. మొదటి యుద్ధపు పతకములు ఇంటనుండిన, వాని అంచును భూతద్దముతో చూడుడు. సిపాయి సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కబడి యుండును. కోటుకంటె ఆ అంచు ఎక్కువ మాటలాడును. దానిని తోమి మెఱుపు తెప్పింపబోయిన ఆ అక్షరములే అరిగిపోవును.

ఏడవది, సిరాతో వ్రాసిన సంఖ్య. కాలరు లోపల గాని, నడుము మడతలో గాని సిపాయి సంఖ్యయు పొడి అక్షరములును కనబడవచ్చును. పేరుకంటె సంఖ్యయే గట్టి ఆధారము. జేబుల అడుగు అతుకులలో వ్రేలుపెట్టి వెదకుడు. రైలు టిక్కెట్టు ముక్కయో, జాబు చింపో దొరకిన అదియు సాక్ష్యమే.

ఇన్నియు చదివిన పిమ్మట ఒక సందేహము మిగిలియుండవలెను: ఇది నిజముగా పటాలపు కోటేనా? పోలీసువారు, అడవిశాఖవారు, రైలుశాఖవారు, ఆబ్కారీవారు కూడ ఖాకీ తొడిగిరి. పెండ్లి బ్యాండువారు పటాలపు పద్ధతిలో కుట్టించుకొన్న కోట్లు మెఱుగు బొత్తాములతో నేటికిని గలవు. నాటకసమాజముల పెట్టెలలోను ఉండును. అదిగాక, 1945 తరువాత యుద్ధములో మిగిలిన సామగ్రిని "డిస్పోజల్సు" పేరిట ప్రభుత్వము తెగనమ్మెను. ఆ సరకు మద్రాసు అంగళ్లనుండి పల్లెలకు వచ్చినది. యుద్ధముఖము చూడని రైతు చలికి కొనుక్కొన్న కోటు కూడ సర్కారుముద్రతోనే యుండును. మఱియు, మలయా తోటలలో పనిచేసిన తెలుగువారిలో కొందఱు 1942 నుండి 1945 వఱకు నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజున చేరిరి. ఆ ఫౌజువారు ఆంగ్లసైన్యపు ఖాకీనే తొడిగి తమ గుఱుతులు వేఱుగా పెట్టుకొనిరి. గుఱుతు ఊడిన కోటు ఏ పక్షమున పోరాడెనో గుడ్డమాత్రమే చెప్పలేదు. కనుక కోటు ఒంటరిసాక్షి. దానికి తోడుసాక్షులను వెదుకవలెను.

తోడుసాక్షు లెచ్చట? మొదట ఇంటనే: డిశ్చార్జి పత్రము, పింఛను పుస్తకము, పటము, జాబులు. పిదప నెల్లూరిలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము. తరువాత దళపు రికార్డు కార్యాలయము: మద్రాసు రెజిమెంటువారిది నీలగిరులలోని వెల్లింగ్టనున, మద్రాసు శాపర్లది బెంగుళూరున నున్నవి. యుద్ధమున మరణించినవారి పేర్లు 1917లో స్థాపింపబడిన యుద్ధసమాధుల కమిషనువారి పట్టికలో కలవు; దానిని నేడు ఎవరైనను ఇంటనుండియే వెదుకవచ్చును. వెదకుటలో ఒక చిక్కు గలదు. ఆంగ్ల గుమాస్తా మన పేర్లను తన చెవికి వినబడినట్లు వ్రాసెను. వెంకటయ్య యను పేరే నాలుగైదు విధముల వర్ణక్రమముతో కనబడును. ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా మిగిలినదో, అసలే లేకపోయినదో కావచ్చును. అందుచేత తండ్రిపేరును, గ్రామమును, తాలూకాను పట్టుకొని వెదకవలెను. ఉదయగిరి, ఆత్మకూరు అను మాటలు కూడ వారి చేతిలో పలురూపములు దాల్చినవని యెఱిగి, అన్ని రూపములను ప్రయత్నింపవలెను.

సోదరులారా! ఇపుడు అసలు బాధను చెప్పెదను. మొదటి ప్రపంచయుద్ధమునకు హిందూదేశమునుండి పదిలక్షలకు మించి జనులు సముద్రము దాటిరి. డెబ్బదినాలుగువేలమందికి పైగా మరణించిరి. మెసపొటేమియాలో మృతులైనవారికై బస్రాలో నిర్మించిన స్మారకమున దొరల పేర్లు, అధికారుల పేర్లు రాతిపై చెక్కిరి. హిందూదేశపు సామాన్యసిపాయిలను మాత్రము దళముపేరు క్రింద ఇంతమంది యని సంఖ్యగా వేసిరి. యుద్ధసమాధుల కమిషనువారే 2021 ఏప్రిలులో ప్రకటించిన నివేదికలో, ఆసియా, ఆఫ్రికా ఖండములకు చెందిన మృతులలో నలుబదియైదువేలనుండి ఏబదినాలుగువేలమంది వఱకు తక్కువగౌరవముతో స్మరింపబడిరనియు, మఱి లక్షాపదియాఱువేలమందికి తక్కువ గాక, బహుశః మూడులక్షలయేబదివేలమంది వఱకు, పేరుతో స్మరింపబడనేలేదనియు ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. వారిలో మోతకూలీలు, కంచరగాడిదల తోలువారు, దళముల వెంట నడచిన పనివారు పెక్కురు. తగిన ఆధారము చూపినచో తప్పిపోయిన పేరును ఆ కమిషను నేడు చేర్చుకొనుచున్నది.

పంజాబు దేశస్థుల సంగతి చూడుడు. మొదటి యుద్ధమునకు పోయిన మూడులక్షల ఇరువదివేలమంది వివరములుగల పట్టికలు లాహోరు వస్తుప్రదర్శనశాలలో తొమ్మిదిపదుల యేండ్లకు పైగా పడియుండి, 2021లో లోకమునకు వెల్లడియైనవి. గ్రామమును వెదకి తాతను కనుగొను భాగ్యము వారి మనుమలకు కలిగినది. మనకు ఆధారముగా మిగిలినది చాలచోట్ల ఈ ట్రంకుపెట్టెయే. దానిలోని కోటుపై సంఖ్య చెరిగినచో, ఆ మనిషి రెండవమాఱు మరణించినట్లే.

అటులైన, నిజము మనకు నచ్చనిదైనప్పుడు ఏమి చేయవలెను? ఒక ఉదాహరణమును ఊహింతము. ఒక ఇంటిలో ముత్తాత జర్మనీయుద్ధమున సుబేదారుగా నుండెనని తలతరములుగా చెప్పుకొనుచున్నారు. కోటు తెఱచి చూడగా ఖాకీ డ్రిల్లు. లోపల బాణము, "ఐ" అక్షరము, 1943. చేతిపై రెండు పట్టీల నీడ. భుజముపై నక్షత్రములు నిలిచిన జాడ లేదు. అనగా ఈ కోటు రెండవ యుద్ధకాలపు నాయకుది. కథ అబద్ధమని వెంటనే త్రోసిపుచ్చరాదు. ఇంటిలో ఇరువురు సిపాయిలు ఉండి, ముత్తాత కథయు, తాత కోటును కాలక్రమమున కలిసిపోయి యుండవచ్చును. కాని బీరువాపై వ్రాయవలసినది మాత్రము కోటు చెప్పినదే: "1943లో తయారైనది, నాయకు హోదా గుఱుతులు గలది." ముత్తాతను గూర్చిన మాటను "ఇంటివారు చెప్పుకొనునది" అని వేఱుగా వ్రాయవలెను. నాయకు సుబేదారుకంటె తక్కువవాడను సిగ్గు మనకు వలదు. సిపాయి 1895 వఱకు నెలకు ఏడురూపాయల జీతముమీద పనిచేసెను. దానిలో మిగిల్చి యింటికి పంపిన రూపాయితో మన పొలముల పన్ను తీఱినది, మన పెద్దల అక్షరాభ్యాసము జరిగినది. లేని నక్షత్రమును అతని భుజముపై కుట్టుట, ఉన్న రెండు పట్టీలను అవమానించుటయే.

కోటును కాపాడు విధమును నాలుగుమాటలలో చెప్పి ముగింతును. నీట తడుపవలదు, సబ్బు తగిలింపవలదు. ఇప్పటి సబ్బుపొడులలోని తెలుపుమందు గుడ్డకు పట్టినచో, నోట్లను పరీక్షించు ఊదారంగు దీపము క్రింద కోటంతయు మెఱయును. అంతట, పాతదారమేదో ఈ మధ్య కుట్టిన దారమేదో తెలిసికొను సులభమైన పరీక్ష చేజాఱును. ఇత్తడిని తోమవలదు. ఇనుపకొక్కికి వ్రేలాడదీసిన భుజములు చిరుగును. గంజిలేని ఉదికిన నూలుగుడ్డలో చుట్టి, మడతలలో మెత్తనిగుడ్డ ఉంచి, పరుండబెట్టుడు. ప్లాస్టికు సంచిలో పెట్టిన చెమ్మ పట్టి బూజు కలుగును. ఎండిన వేపాకును, వసకొమ్మును పల్చని గుడ్డమూటగా కట్టి పెట్టెలో వేయుడు, కోటునకు తగులనీయకుడు. ఏడాది కొకమాఱు నీడలో ఆరవేయుడు. ముందు, వెనుక, లోపల, ప్రతి గుఱుతు దగ్గఱగా పటములు తీయించి, ప్రక్కన కొలబద్ద నుంచుడు. ఇంటి పెద్దావిడను కూర్చుండబెట్టి ఆమెకు జ్ఞాపకమున్నది ఉన్నట్లు వ్రాసికొనుడు; కోట్లు ఆగును గాని ఆమె ఆగదు.

మన సంఘమునకు మూడు మనవులు. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, సీతారామపురము, మర్రిపాడు, ఆత్మకూరు, అనంతసాగరము మొదలగు మండలములలో గ్రామమునకొక పట్టికపుస్తకము ఉంచి, ఏ ఇంట ఏ కోటు, ఏ పతకము, ఏ పత్రము ఉన్నదో వ్రాయింపవలెను. రెండవది, "చూచినది", "విన్నది" అను రెండు గడులు వేఱుగా నుండవలెను. మూడవది ముఖ్యమైనది: ఆ పట్టిక మన కులస్థుల యిండ్లకే పరిమితము కారాదు. పల్లెలో ఏ వాడనుండి పోయినవాడైనను, ఏ మతమువాడైనను అదే ఓడలో పోయెను, అదే ముద్రగల కోటు తొడిగెను. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము దగ్గఱి మాధవరము సిపాయిల ఊరుగా పేరుపొంది, "మిలిటరీ మాధవరము" అని పిలువబడుచున్నది. ఊరు ఊరంతయు తలచుకొనుట వలన ఆ పేరు నిలిచినది. మన పల్లెలును అట్లు తలచుకొనగలవు.

వచ్చు మహాసభనాటికి ఒక్క గ్రామపు పట్టికయైనను పూర్తియై ఈ వేదికమీదికి రావలెనని నా కోరిక. ఆ పట్టికలో ఒక్క పేరు యుద్ధసమాధుల కమిషనువారి జాబితాలో క్రొత్తగా చేరినచో, ఆ ఒక్క మనిషి అంకెగా గాక పేరుతో నిలుచును.